ఐఎండీ పటంలో తెల్లమచ్చలు ఎందుకొస్తున్నాయి? (ఆర్, ఎస్ఎఫ్, టీమ్యాప్)

వేకువ_చుక్క · సోమవారం, రాత్రి 9:12

అందరికీ నమస్కారం. ప్రజారోగ్యంలో మాస్టర్స్ చేస్తున్నాను. ఆర్ (గణాంకాలకు వాడే ప్రోగ్రామింగ్ భాష) మొదలుపెట్టి నాలుగు నెలలే అయింది. ఇంగ్లండ్‌లో ఏ ప్రాంతంలో ఎంత లేమి ఉందో చూపే పటం నా థీసిస్ మొదటి అధ్యాయంలో పెట్టాలి. 2019 బహుముఖ లేమి సూచిక, అదే ఐఎండీ ఫైలు దించుకున్నాను. గణాంక కార్యాలయం ఓఎన్ఎస్ వాళ్ల భౌగోళిక పోర్టల్ నుంచి ఎల్ఎస్ఓఏల, అంటే జనగణన కోసం గీసిన చిన్న ప్రాంతాల సరిహద్దుల ఫైలు తీసుకున్నాను. ఎస్ఎఫ్ ప్యాకేజీతో సరిహద్దులు చదివి, ప్రాంతాల కోడ్ కాలమ్ మీద లెఫ్ట్ జాయిన్‌తో రెండు పట్టికలనూ కలిపి, టీమ్యాప్ ప్యాకేజీతో గీశాను.

పటమైతే వచ్చింది, కానీ నిండా తెల్లమచ్చలే. పల్లెటూళ్ల వైపు తక్కువ, నగరాల చుట్టూ ఎక్కువ. ఆ చోట్లలో ఐఎండీ కాలమ్ మొత్తం ఎన్ఏ, అంటే విలువ లేదని చూపిస్తోంది. జాయిన్ చేసేటప్పుడు ఎర్రర్ ఏమీ రాలేదు. రెండు రోజులుగా దీని మీదే కూర్చున్నాను. గురువారం గైడ్‌కి చూపించాలి.

ఇంకో మాట: ఫైలు చాలా బరువుగా ఉంది, ఒక్కసారి గీయడానికి పది నిమిషాలు పడుతోంది. ఇది మామూలేనా?

గీతల_లోకం · సోమవారం, రాత్రి 9:40

కోడ్ తర్వాత చూద్దాం. ముందు రెండు అంకెలు చెప్పండి. ఐఎండీ ఫైల్లో వరుసలు ఎన్ని? సరిహద్దుల ఫైల్లో ఇంగ్లండ్ వరకు, అంటే ఈ01తో మొదలయ్యే కోడ్‌లు ఎన్ని?

వేకువ_చుక్క · సోమవారం, రాత్రి 9:47

ఐఎండీ 32,844. సరిహద్దులు 33,755.

గీతల_లోకం · సోమవారం, రాత్రి 10:05

మీ కోడ్‌లో తప్పు లేదండీ. రెండు వేర్వేరు కాలాల పటాలను కలిపారు, అంతే.

2019 ఐఎండీని 2011 జనగణన నాటి ఎల్ఎస్ఓఏల మీద లెక్కగట్టారు. అవి 32,844. మీరు దించుకున్నవి 2021 జనగణన తర్వాత సవరించిన సరిహద్దులు. ఒక ఎల్ఎస్ఓఏలో వెయ్యి నుంచి మూడు వేల మంది దాకా ఉండాలన్నది నియమం. పదేళ్లలో కొత్త ఇళ్లు లేచి జనం పెరిగినచోట ఒకదాన్ని రెండుగానో మూడుగానో చీల్చారు. జనం తగ్గినచోట పక్కదానితో కలిపారు. అలా మారినవాటికి కొత్త కోడ్‌లు ఇచ్చారు, మారనివాటికి పాత కోడ్‌లే ఉన్నాయి. అందుకే ఎక్కువచోట్ల జాయిన్ అతికింది, మారినచోట ఎన్ఏ వచ్చింది. నగరాల చుట్టూ మచ్చలు ఎక్కువ ఎందుకో ఇప్పుడు మీకే తెలుస్తుంది. జనం పెరిగింది అక్కడే కదా.

తేడా 911 కాబట్టి మచ్చలు కూడా 911 ఉంటాయనుకోవద్దు. చీలినవీ కలిసినవీ పోగా మిగిలిన తేడా అది. మచ్చల అసలు లెక్క కావాలంటే యాంటీ జాయిన్ నడపండి, జత దొరకని వరుసలను అది చూపిస్తుంది. ఒకవైపే కాదు, రెండు వైపులా నడపండి. ఏ కోడ్ ఎటువైపు మిగిలిపోయిందో తెలిస్తేనే జబ్బు ఎక్కడుందో తెలుస్తుంది.

మందు తేలికే. 2011 ఎల్ఎస్ఓఏ సరిహద్దుల ఫైలు దించుకోండి. ఆ పోర్టల్లో ఒకే సరిహద్దుకు చాలా రకాల ఫైళ్లుంటాయి. మీరు తీసుకున్నది పూర్తి వివరాలున్నది అయ్యుంటుంది, అందుకే పది నిమిషాలు. 20 మీటర్ల మేర సరళీకరించిన రకం తీసుకోండి. దేశం మొత్తం ఒక పేజీలో వేసేటప్పుడు కంటికి తేడా తెలియదు.

ఒక్కటి మాత్రం చేయకండి. మచ్చల్లో పక్క ప్రాంతాల సగటు నింపేయొద్దు. నేనో జట్టులో చేరిన కొత్తలో అలాంటి పటం ఒకటి చేతికొచ్చింది. ఎవరో చక్కగా నింపేసి, ఎక్కడా రాయకుండా వదిలేశారు. ఏది లెక్కో ఏది ఊహో విడదీయడానికి నాకు వారం పట్టింది.

పైథాన్_పుట్ట · సోమవారం, రాత్రి 10:31

నేను పైథాన్‌లో జియోపాండాస్ అనే పటాల ప్యాకేజీ వాడతాను. అక్కడా ఇదే కథ. పట్టికలు కలిపే మర్జ్ నోరెత్తదు, ప్లాట్ దగ్గరకొచ్చేసరికి ఎన్ఏ ఉన్న బహుభుజులు కనిపించకుండా పోతాయి. అందుకే ప్లాట్‌లో మిస్సింగ్_కేడబ్ల్యూడీఎస్ అనే ఆర్గ్యుమెంట్ ఇచ్చి, డేటా లేనిచోట బూడిద రంగు, పైన గీతలు వేయిస్తాను. టీమ్యాప్‌లో కూడా ఎన్ఏకి వేరే రంగు ఇవ్వొచ్చు. డేటా లేకపోవడం వేరు, లేమి లేకపోవడం వేరు. తెలుపు వదిలేస్తే చూసేవాళ్లు ఆ ప్రాంతం బాగుందనుకుంటారు.

ఆర్‌లో జాయిన్ చేసేటప్పుడు సరిహద్దుల ఆబ్జెక్ట్ ముందుండాలి, ఐఎండీ పట్టిక వెనకుండాలి. తిరగేస్తే ఫలితం మామూలు పట్టికగా మిగిలిపోతుంది, పటం గీయబోతే మొరాయిస్తుంది.

వేకువ_చుక్క · మంగళవారం, ఉదయం 7:20

గీతల_లోకం గారూ, చాలా చాలా థాంక్సండీ. 2011 సరిహద్దులు పెట్టాను, యాంటీ జాయిన్ రెండు వైపులా సున్నా. మచ్చ ఒక్కటీ లేదు. గీయడానికి అర నిమిషం కూడా పట్టలేదు.

కానీ ఇంకో చిక్కు. ర్యాంకు కాలమ్‌తో గీస్తే లెజెండ్‌లో, అంటే రంగుల సూచీలో, అంకెల శ్రేణి బదులు పేర్లు వరుసగా వచ్చాయి. చూస్తే ఆ కాలమ్ అంకెలుగా కాక అక్షరాలుగా చదివింది, వేల దగ్గరున్న కామాల వల్ల. అక్షరాలను అంకెలుగా మార్చే పార్స్_నంబర్ పెడితే సరిపోయింది. ఇప్పుడేమో పటం తలకిందులుగా ఉంది. నీలం పాలెట్ (రంగుల వరుస) ఇచ్చాను. ఎసెక్స్ తీరంలోని జేవిక్ అత్యంత లేమి ఉన్న ప్రాంతమని చదివాను. నా పటంలో అది అన్నింటికంటే లేతగా ఉంది!

సగటు_మనిషి · మంగళవారం, ఉదయం 8:55

చెల్లీ, ఐఎండీలో ర్యాంకు 1 అంటే లేమి అన్నింటికంటే ఎక్కువ, 32,844 అంటే అన్నింటికంటే తక్కువ. ర్యాంకులను పది సమాన భాగాలు చేస్తే వచ్చే డెసైల్ కూడా అంతే, 1 అంటే అడుగున ఉన్న పదో వంతు. నీ పాలెట్ చిన్న అంకెకు లేత రంగు, పెద్ద అంకెకు ముదురు రంగు ఇస్తుంది. టీమ్యాప్‌లో పాలెట్ పేరు ముందు మైనస్ గుర్తు పెడితే తిరగబడుతుంది. జేవిక్ గురించి నువ్వు చదివింది నిజమే. 2010, 2015, 2019 మూడు సూచికల్లోనూ అక్కడి ఎల్ఎస్ఓఏదే మొదటి ర్యాంకు.

రంగు తిప్పేసి ముందుకెళ్లకు, నువ్వు గీస్తున్న అంకె ఏమిటో ఒకసారి చూడు. అందులో ఏడు విభాగాలున్నాయి. ఆదాయం 22.5 శాతం, ఉపాధి 22.5, విద్య 13.5, ఆరోగ్యం 13.5. నేరాలు, గృహవసతి–సేవల అందుబాటు, నివాస పరిసరాలు ఒక్కోటి 9.3. వీటిని నేరుగా కలపరు. ముందు ఒక్కో విభాగంలో ర్యాంకులిస్తారు, ఆ ర్యాంకులను ఘాతీయ పంపిణీలోకి మారుస్తారు, ఆ తర్వాతే బరువులు వేసి కలుపుతారు. ఎందుకంటే, ఆరోగ్యంలో బాగా వెనకబడ్డ చోటు నేరాల విషయంలో మెరుగ్గా ఉంటే ఆ మెరుగు ఈ వెనకబాటును పూర్తిగా కప్పేయకూడదు. ఈ మార్పిడి వల్ల ఒక విభాగంలో అడుగున ఉన్న పది శాతం ప్రాంతాలే 50 నుంచి 100 దాకా మార్కులు తీసుకుంటాయి. మిగతా తొంభై శాతం 0కీ 50కీ మధ్య ఇరుక్కుంటాయి.

కాబట్టి స్కోరు 60 ఉన్నచోట, 30 ఉన్నచోటికి రెట్టింపు లేమి ఉందని రాయకు. ర్యాంకు 100 ఉన్నది 200 ఉన్నదానికంటే ఎంత వెనకబడిందో కూడా ఈ అంకె చెప్పదు. ఎవరు ఎవరి వెనక ఉన్నారో, అంతవరకే చెబుతుంది. పటానికి డెసైల్ చాలు. ఒక్కో రంగులో దాదాపు 3,284 ఎల్ఎస్ఓఏలు వస్తాయి, చదివేవాళ్లకూ సులువు.

వేకువ_చుక్క · మంగళవారం, మధ్యాహ్నం 1:15

అన్నా, ఘాతీయ మార్పిడి సంగతి ఇంత తేటగా ఎక్కడా దొరకలేదు. డెసైల్‌తో గీశాను, బాగుంది.

మా గైడ్ కౌన్సిల్ (స్థానిక పాలనా సంస్థ) స్థాయి పటం కూడా అడిగారు. ఎల్ఎస్ఓఏలను గ్రూప్_బైతో కౌన్సిల్‌వారీగా విడదీసి ర్యాంకుల సగటు తీశాను. సరేనా?

గీతల_లోకం · మంగళవారం, మధ్యాహ్నం 1:50

జనాభా బరువు వేస్తే సరే. అధికారికంగా కూడా సగటు ర్యాంకు అనే కొలత ఒకటి ఇస్తారు.

సగటు_మనిషి · మంగళవారం, మధ్యాహ్నం 2:30

ఇక్కడ నేను ఒప్పుకోను గీతల_లోకం గారూ. ఇస్తారు, కానీ అదొక్కటే ఇవ్వరు. ఒక ఉదాహరణ చెప్తాను. రెండు పట్టణాలు, ఒక్కోదానిలో నాలుగు ఎల్ఎస్ఓఏలు, జనాభా అన్నింట్లోనూ సమానం అనుకుందాం. మొదటి పట్టణంలో ర్యాంకులు 100, 200, 30,000, 31,000. రెండోదానిలో 15,000, 15,200, 15,500, 15,600. రెండింటి సగటూ 15,325. పటంలో రెండూ ఒకే రంగు. కానీ మొదటి పట్టణంలో సగం ఊరు దేశంలోనే అట్టడుగున ఉంది. సగటు ఆ సగాన్ని పక్కనున్న కలవారి పేటలతో కప్పేసింది.

అందుకే అధికారిక సారాంశ ఫైల్లో ఒక్కో కౌన్సిల్‌కు సగటు ర్యాంకు, సగటు స్కోరు, అడుగు పదిశాతంలో ఉన్న ఎల్ఎస్ఓఏల వాటా, విస్తృతి, స్థానిక సాంద్రత అని చాలా కొలతలు ఇస్తారు. ఏది పట్టుకుంటే ఆ బొమ్మ. 2019లో సగటు ర్యాంకులోనూ సగటు స్కోరులోనూ బ్లాక్‌పూల్ మొదట వచ్చింది. అడుగు పదిశాతం వాటా చూస్తే మిడిల్స్‌బ్రో మొదట. రెండూ నిజమే, అడిగిన ప్రశ్నలు వేరు.

గీతల_లోకం · మంగళవారం, మధ్యాహ్నం 3:05

మీ ఉదాహరణ ముందు నా జవాబు నిలవదు, ఒప్పుకుంటున్నాను. వేకువ_చుక్క గారూ, సగటు సొంతంగా తీయొద్దు. కౌన్సిల్ స్థాయి సారాంశ ఫైలు ఐఎండీ పేజీలోనే దొరుకుతుంది, 317 కౌన్సిళ్లవి. అందులోంచి సగటు స్కోరు ఒక పటం, అడుగు పదిశాతం వాటా ఇంకో పటం పక్కపక్కన వేయండి. టీమ్యాప్_అరేంజ్‌తో ఒక పేజీలో పట్టేస్తాయి.

తెరచాప · మంగళవారం, రాత్రి 8:20

నాకు కోడింగ్ అంతగా రాదు. ఒక తీరపట్టణంలో ఇళ్లకు వెళ్లి వృద్ధులను చూసుకునే పని చేస్తాను. ఈ పటాలు మా ఆఫీసు గోడ మీద ఉంటాయి కాబట్టి రాయాలనిపించింది.

నేను తిరిగే వీధులు ఆ పటంలో చిక్కటి ఊదారంగులో ఉంటాయి. ఒకసారి ఒక సమావేశంలో ఎవరో అదే పటం తెరమీద వేసి, దానికి దేశంలో అత్యంత దారుణమైన చోట్లు అని శీర్షిక పెట్టారు. ఆ వీధివాళ్లు ఇద్దరు అదే గదిలో ఉన్నారు. ఒకావిడ వాకిట్లో పూలకుండీలు రోజూ తుడిచి పెట్టుకుంటుంది, పక్కింటాయనకు మందులు తెచ్చిపెడుతుంది. ఆవిడ తల దించుకుని కూర్చోవడం నేను చూశాను. సమావేశం అయ్యేదాకా మాట్లాడలేదు.

ఆ రంగు వల్లే మాకు నిధులొచ్చాయి, అదీ నాకు తెలుసు. పటం వేయొద్దనడం లేదు. కింద ఏం రాస్తారో మాత్రం చూసుకోండి.

సగటు_మనిషి · మంగళవారం, రాత్రి 9:10

తెరచాప గారూ, మీరు రాసింది ఈ థ్రెడ్‌లో అందరికంటే ముఖ్యమైన మాట. లెక్కల వైపు నుంచి కూడా అదే నిజం. ఐఎండీ చోటును కొలుస్తుంది, మనిషిని కాదు. లేమి ఎక్కువున్న ఎల్ఎస్ఓఏలో అందరూ లేనివాళ్లు కారు. లేనివాళ్లందరూ అలాంటి ఎల్ఎస్ఓఏల్లోనే ఉండరు. పదో డెసైల్లో, పెద్దపెద్ద ఇళ్ల మధ్య ఒక గదిలో అద్దెకుంటూ చలికాలం హీటరు వేసుకోలేని మనిషి మన పటంలో కనిపించడు. వేకువ_చుక్కా, థీసిస్‌లో ఎక్కడైనా ‘డెసైల్ 1కి చెందిన రోగి పేదవాడు’ అనే అర్థం వచ్చేలా రాశావేమో ఒకసారి వెతుకు.

పైథాన్_పుట్ట · మంగళవారం, రాత్రి 9:45

తెరచాప గారు చెప్పింది పాత గాయమే. చార్లెస్ బూత్ లండన్ పేదరికపు పటం మొదట అచ్చైంది 1889లో. వీధి వీధికీ ఏడు రంగులు. సంపన్నుల వీధులకు పసుపు, అట్టడుగుకు నలుపు. ఆ నలుపుకు ఇచ్చిన వివరణలో దుర్వ్యసనపరులు, సగం నేరస్థులు అని రాశారు. పాఠశాల బోర్డు తరఫున ఇల్లిల్లూ తిరిగే ఉద్యోగుల నుంచి సేకరించిన సమాచారం అది. ఎంతో ఓపికగా చేసిన పని, పేదరికం ఎంత విస్తారంగా ఉందో లండన్‌కు చూపించిన పని. అయినా ఆ నల్లగీత మీద ఉన్న ప్రతి ఇంటికీ ఆ మాట అంటుకుంది. మనం డిఫాల్ట్‌గా ముదురు రంగు ఎంచుకుంటున్నప్పుడు గుర్తుంచుకోవాల్సిన సంగతి.

వేకువ_చుక్క · బుధవారం, ఉదయం 6:50

తెరచాప అక్కా, మీరు రాసింది రాత్రి రెండుసార్లు చదివాను. నా డ్రాఫ్టులో శీర్షిక ‘ఇంగ్లండ్‌లోని అధ్వాన్న ప్రాంతాలు’ అని ఉంది. తీసేశాను. అన్నా, మీరు వెతకమన్న వాక్యం కూడా ఉంది, రెండో అధ్యాయంలో, మూడుచోట్ల. సరిచేస్తున్నాను.

పటం గురించి ఒక ప్రశ్న మిగిలింది. ఎల్ఎస్ఓఏ పటాన్ని దేశమంతా వేస్తే కంటికి ముందు కనిపించేది పల్లెప్రాంతమే. లివర్‌పూల్, మాంచెస్టర్ ఉండాల్సినచోట నల్లటి చుక్కలున్నాయి. లేమి వల్ల నలుపా, ఇంకేదైనానా తెలియడం లేదు.

గీతల_లోకం · బుధవారం, ఉదయం 8:10

అది లేమి కాదు, సరిహద్దు గీత. నగరంలో ఎల్ఎస్ఓఏలు అతి చిన్నవి. వేల గీతలు ఒకదాని మీద ఒకటి పడి అసలు రంగును మింగేస్తాయి. టీమ్యాప్ 4వ వెర్షన్లో టీఎం_పాలిగాన్స్‌కు ఫిల్ అంటే లోపలి రంగు, కాల్ అంటే గీత రంగు. పాత వెర్షన్లో కాల్ అంటేనే లోపలి రంగు, కాబట్టి ఇంటర్నెట్‌లో దొరికే పాత ఉదాహరణలను ఉన్నదున్నట్టు అతికించొద్దు. గీత మందం సున్నా చేయండి, లేదా గీతే తీసేయండి. కౌన్సిల్ సరిహద్దులు మాత్రం పైన సన్నగా ఇంకో లేయరుగా వేయండి.

పల్లెలు కంటిని లాగేయడం వేరే సమస్య. ఒక్కో ఎల్ఎస్ఓఏలో జనం సుమారుగా ఒకటే, నేల మాత్రం కాదు. నార్తంబర్లాండ్‌లో కొండలూ గొర్రెలమేతా కలిసిన ఒక ఎల్ఎస్ఓఏ పటంలో అరచేయంత ఉంటుంది. అంతే జనమున్న నగరపు ఎల్ఎస్ఓఏ సూదిమొనంత. చూసేవాళ్లు నేలను చూసి జనాన్ని ఊహించుకుంటారు. కార్టోగ్రామ్ ప్యాకేజీతో జనాభాను బట్టి వైశాల్యం సాగదీయొచ్చు, డోర్లింగ్ పద్ధతిలో వృత్తాలుగా చూపొచ్చు. 32,844 బహుభుజులను సాగదీయడానికి మీ ల్యాప్‌టాప్ రాత్రంతా తీసుకుంటుంది, కాబట్టి అది కౌన్సిల్ స్థాయిలోనే చేయండి. ఎల్ఎస్ఓఏలకైతే నాలుగైదు నగరాలను పెద్దవి చేసి పక్కన చిన్న పటాలుగా పెట్టడం మేలు.

ప్రొజెక్షన్, అంటే గుండ్రటి భూమిని చదునుగా పరిచే పద్ధతి కూడా చూసుకోండి. ఓఎన్ఎస్ ఫైలు బ్రిటిష్ నేషనల్ గ్రిడ్‌లో, అంటే ఈపీఎస్‌జీ 27700లో ఉంటే అలాగే ఉంచండి. ఆసుపత్రుల్లాంటివి చుక్కలుగా వేయాలనుకుంటే, అవి అక్షాంశ రేఖాంశాల్లో, అంటే 4326లో ఉంటే ఎస్‌టీ_ట్రాన్స్‌ఫార్మ్‌తో ఇటు మార్చండి. ఎస్‌టీ_సెట్_సీఆర్‌ఎస్‌తో చేయొద్దు. అది అంకెలు మార్చదు, పేరు మాత్రం మారుస్తుంది. చుక్కలన్నీ సముద్రంలో తేలతాయి.

సగటు_మనిషి · బుధవారం, ఉదయం 9:00

పల్లెల గురించి ఇంకొకటి. ఏడు విభాగాలను విడివిడిగా కూడా గీసి చూడు చెల్లీ. గృహవసతి–సేవల అందుబాటు విభాగంలో పోస్టాఫీసు, ప్రాథమిక పాఠశాల, కిరాణా దుకాణం, డాక్టరు ఎంత దూరంలో ఉన్నాయో 2019లో రోడ్డు దూరం లెక్కించారు. ఆ ఒక్క విభాగం గీస్తే పటం ఒక్కసారిగా మారిపోతుంది. మొత్తం సూచికలో సుఖంగా కనిపించే పల్లెలు ముదురుతాయి. నీది ప్రజారోగ్యం కాబట్టి, డాక్టరు దగ్గరకు వెళ్లలేనితనం మీద రాస్తుంటే మొత్తం ఐఎండీ కంటే ఈ విభాగమే నీకు ఎక్కువ చెబుతుంది. ఆరోగ్య ఫలితాలను ఐఎండీతో పోలుస్తుంటే ఇంకో జాగ్రత్త కావాలి. ఐఎండీలోనే ఆరోగ్యం 13.5 శాతం ఉంది. ఆరోగ్యాన్ని ఆరోగ్యంతో పోల్చినట్టు అవుతుంది. ఆదాయ విభాగం ఒక్కటి తీసుకుని కూడా అదే ఫలితం వస్తుందో లేదో చూపించు.

కొండగాలి · బుధవారం, మధ్యాహ్నం 12:25

మధ్యలో దూరుతున్నందుకు క్షమించండి. స్కాట్లాండ్, వేల్స్, ఉత్తర ఐర్లండ్ కూడా కలిపి యూకే మొత్తానికి ఒకే పటం చేయాలనుకుంటున్నాను. బైండ్_రోస్‌తో పట్టికలను ఒకదాని కింద ఒకటి పేరిస్తే సరిపోతుందా? 2025 ఐఎండీ కూడా వచ్చింది కదా, 2019తో తీసివేస్తే ఎక్కడ మెరుగైందో తెలుస్తుందా?

సగటు_మనిషి · బుధవారం, మధ్యాహ్నం 1:10

రెండింటికీ వద్దనే చెప్తాను.

నాలుగు దేశాలవీ నాలుగు వేర్వేరు సూచికలు. మన 2019 ఐఎండీ నాటివి తీసుకుంటే, స్కాట్లాండ్‌ది 2020, 6,976 డేటా జోన్లు (అక్కడి చిన్న ప్రాంతాలు). వేల్స్‌ది 2019, 1,909 ఎల్ఎస్ఓఏలు. ఉత్తర ఐర్లండ్‌ది 2017, 890 ప్రాంతాలు. విభాగాలు, బరువులు, ప్రాంతాల పరిమాణం అన్నీ వేరు. స్కాట్లాండ్‌లో డెసైల్ 1 అంటే స్కాట్లాండ్‌లో అట్టడుగు అని. దాన్ని ఇంగ్లండ్ డెసైల్ 1 పక్కన అదే రంగులో పెడితే, రెండు తరగతుల్లో చివరి ర్యాంకు వచ్చినవాళ్లిద్దరికీ మార్కులు సమానం అన్నట్టే. ఆదాయం, ఉపాధి కొలతల ఆధారంగా నాలుగింటినీ ఒక దారికి తెచ్చే పద్ధతులు పరిశోధకులు చేశారు. అవి వాడొచ్చు, లేదా నాలుగు పటాలు, నాలుగు లెజెండ్లు.

2025ది 2021 ఎల్ఎస్ఓఏల మీద, అంటే 33,755 మీద వచ్చింది. ఈ థ్రెడ్ మొదటి తెల్లమచ్చలే మళ్లీ ఎదురవుతాయి. పాత, కొత్త కోడ్‌లను జతచేసే ఓఎన్ఎస్ లుకప్ ఫైల్లో ఏది మారలేదు, ఏది చీలింది, ఏది కలిసింది అని ఒక్కో అక్షరంతో గుర్తిస్తారు, మారనివాటి వరకు పక్కపక్కన పెట్టొచ్చు. అప్పుడు కూడా ర్యాంకు 500 నుంచి 900కు జరిగిందంటే ఆ చోటు మెరుగైందని కాదు. మిగతావాళ్లు ఇంకా దిగజారి ఉండొచ్చు. ఎవరో ఒకరు ఎప్పుడూ అడుగు పదిశాతంలో ఉంటారు, అందరి బతుకూ బాగుపడ్డా సరే.

కొండగాలి · బుధవారం, మధ్యాహ్నం 1:32

అర్థమైందండీ. నాలుగు పటాలే వేస్తాను.

వేకువ_చుక్క · గురువారం, సాయంత్రం 6:40

గైడ్‌కి చూపించాను. ఎల్ఎస్ఓఏ డెసైల్ పటం గీతల్లేకుండా, పక్కన ఐదు నగరాలు పెద్దవిగా. కౌన్సిల్ పటాలు రెండు, సగటు స్కోరు ఒకటి, అడుగు పదిశాతం వాటా ఒకటి. ఆ రెండూ చూసి ఆవిడ చాలాసేపు మాట్లాడలేదు, తర్వాత ఏది నిజం అని అడిగారు. అన్న చెప్పిన రెండు పట్టణాల లెక్క బోర్డు మీద వేసి చూపించాను. ఆదాయ విభాగంతో విడిగా చేయమన్న పని ఇంకా మిగిలింది, వారాంతంలో చేస్తాను.

శీర్షిక ఇప్పుడు ఇలా ఉంది: ‘2019 ఐఎండీ ప్రకారం ఇంగ్లండ్ ఎల్ఎస్ఓఏల సాపేక్ష లేమి, 2011 సరిహద్దులు’. కింద ఒక వాక్యం: ‘రంగు ఆ ప్రాంతపు స్థానాన్ని తెలుపుతుంది, అక్కడ నివసించే వ్యక్తుల స్థితిని కాదు.’ తెరచాప అక్కా, ఈ వాక్యం మీకు సరిపోతుందా? మీరు వేరేలా అంటే మారుస్తాను.

తెరచాప · గురువారం, రాత్రి 9:05

సరిపోతుందమ్మా. అక్షరాలు మాత్రం కాస్త పెద్దవి పెట్టు. గోడ మీద వేస్తే కింద రాసింది ఎవరికీ కనపడదు.